టైమర్ విప్పే ముందు ఎవరిని అనుమానించాలి

కరెంటు పనిలో చేరబోయే ఆడపిల్లలకు నేను చెప్పేది ఒకటే. గోడకు బిగించిన దేన్నీ నమ్మవద్దు. ఆఫ్ అని రాసి ఉన్నా నమ్మవద్దు. ఆఫ్ చేసేశానని చెప్పే ఇంటాయన్ని అసలే నమ్మవద్దు. "ఇలా అందరినీ అనుమానిస్తూ బతికితే మనశ్శాంతి ఎక్కడుంటుంది ఆంటీ?" అని ఒకమ్మాయి అడిగింది. మనశ్శాంతి కావలసినవాళ్ళు వేరే ఉద్యోగం చూసుకోవచ్చు. ఈ ఉద్యోగంలో మనం కోరుకోవలసింది పది వేళ్ళతో ఇంటికి రావడం.

నాకు ప్రమోషన్లు ఎప్పుడొచ్చాయో, ఎవరెవరు అడ్డుపడ్డారో రాయను. రాస్తే అది తిట్ల దండకం అవుతుంది. ఇళ్ళ గోడల దగ్గర నేను చూసింది మాత్రం రాస్తాను.

నన్ను ఎందుకు తీసుకున్నారు

మద్రాసులో ఫిజిక్సు డిగ్రీ చదివి మలయాలోని తెలుక్ ఆన్సన్‌కు తిరిగొచ్చాను. అక్కడి కరెంటు కంపెనీవాళ్ళు నా సర్టిఫికెట్టును, దొంగనోటును చూసినట్టు, వెనకా ముందూ తిప్పి చూశారు. ఇంజనీరు పని ఆడదానికి ఇచ్చేది లేదన్నారు. ఇల్లాళ్ళకు ఇస్త్రీపెట్టె, కరెంటు పొయ్యి వాడటం నేర్పే పని ఇచ్చారు.

అసలు కారణం వేరే ఉంది. అవి మలయాలో తెల్లదొరలు పెట్టిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో కమ్యూనిస్టులు, రోడ్డు మీద చెక్‌పోస్టులు, ఊరి చుట్టూ ముళ్ళకంచెలు. భర్త పనికెళ్ళిన ఇంట్లో, సంచీ భుజాన వేసుకొచ్చిన కొత్త మగవాడికి ఏ ఇల్లాలూ తలుపు తీసేది కాదు. అందుకని ముందు నేను వెళ్ళి తలుపు తట్టేదాన్ని. చీర కట్టుకున్న మనిషిని చూసి తలుపు తీసేవాళ్ళు. నా వెనకాలే మా చీనా వైర్‌మన్ అహ్ సెంగ్ లోపలికి వచ్చేవాడు. కంపెనీకి నేను తాళంచెవిని. తాళంచెవి పని చూస్తూ చూస్తూ నేర్చేసుకుంటుందని వాళ్ళు అనుకోలేదు.

ఫ్యూజు కొంగున కట్టుకో

టైమర్ అంటే ఏమీ లేదు, స్విచ్చును మన బదులు తిప్పే గడియారం. ఆ రోజుల్లో నీళ్ళ హీటర్లకు పెట్టేవాటికి గుండ్రటి డయల్ ఉండేది. దాని అంచున పూటకు రెండేసి చిన్న ఇత్తడి మీటలు. డయల్ తిరుగుతూ ఒక మీట స్విచ్చు దగ్గరికి వచ్చినప్పుడు హీటర్ వెలుగుతుంది, రెండోది వచ్చినప్పుడు ఆరిపోతుంది. నీళ్ళు ఎప్పుడు కాగాలో ఆ మీటలను జరిపి పెట్టుకోవాలి.

దాన్ని మార్చాలంటే ముందు మెయిన్ ఆపాలి, ఫ్యూజు లాగాలి. లాగిన ఫ్యూజును బల్ల మీద పెట్టవద్దు. ఒక దొర బంగళాలో నేను అలాగే పెట్టాను. ఐసుపెట్టెలో దొరగారి ఐసు కరిగిపోతోందని వంటవాడు దాన్ని తెచ్చి మళ్ళీ గుచ్చి మెయిన్ వేసేశాడు. అప్పటికి నా చెయ్యి తీగల మీద ఉంది. మోచెయ్యి దాకా కొయ్యబారిపోయింది. ఆ వంటవాడు చెడ్డవాడు కాదు, వాడి భయం వాడిది. ఆ రోజు నుంచి లాగిన ఫ్యూజును కొంగున ముడి వేసుకునేదాన్ని. కావాలంటే నన్ను అడిగి తీసుకోవాలి.

తర్వాత టెస్టు దీపం. ముందు దాన్ని కరెంటున్న చోట పెట్టి వెలుగుతుందో లేదో చూసి, అప్పుడు మన తీగలకు పెట్టి, మళ్ళీ కరెంటున్న చోట పెట్టి చూడాలి. మధ్యలో దీపమే మాడిపోయి ఉంటే? వెలగలేదు కాబట్టి కరెంటు లేదనుకుని చెయ్యి పెడతారు, అంతటితో సరి. తీగల రంగులను కూడా నమ్మవద్దు. ఎరుపులో కరెంటు ఉండాలని పుస్తకంలో ఉంటుంది. బిగించినవాడి దగ్గర ఆ రోజు ఏ రంగు తీగ మిగిలిందో పుస్తకానికి తెలియదు. ఏ తీగ ఎక్కడి నుంచి ఊడదీశామో దానికో దారం కట్టి గుర్తు పెట్టుకోవాలి.

ఈ పని ఎవరైనా నేర్చుకోవచ్చు. నేర్చుకోలేనిది ఇంకొకటి ఉంది. అది బాగన్ దాతుక్‌లో నాయుడుగారి ఇంట్లో చూశాను.

నాయుడుగారి వేడినీళ్ళు

అప్పలనాయుడుగారు ఎండుకొబ్బరి వ్యాపారి. మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వస్తుందని తేలిపోయి తోటల దొరలు కొందరు సామాను వేలం వేసుకుని ఇంగ్లండు వెళ్ళిపోతున్నారు. ఆ వేలంలో ఆయన ఒక దొర స్నానాల గదిలోని నీళ్ళ హీటర్, దానితో పాటు గోడ టైమర్ కొన్నారు. ఇంట్లో కూతురు బాలింత, పసిబిడ్డకు నెల నిండలేదు. పైగా సాయంత్రం కొబ్బరి గోదాము నుంచి జిడ్డు ఒళ్ళుతో వచ్చే తనకూ వేడినీళ్ళు కావాలి. వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు. "సెయ్యి ముట్టక్కర్లేదు. దానంతటదే కాగుతాది, దానంతటదే ఆరుతాది."

బిగించింది అహ్ సెంగ్. ఒక వారం బాగానే ఉంది. తర్వాత ఫిర్యాదు: నీళ్ళు ఒకరోజు పొద్దున్న చల్లగా ఉంటాయి, ఇంకోరోజు సాయంత్రం. ఒక్కోసారి నాయుడుగారు స్నానం ముగించి బయటికి వచ్చాక కాగుతాయి. కరెంటు పోయి టైము తప్పిందనడానికి లేదు, అది కీ ఇచ్చే గడియారం, కరెంటుతో పని లేకుండా తిరుగుతుంది. అహ్ సెంగ్ వెళ్ళి విప్పాడు. చీమలు పట్టాయేమోనని తుడిచాడు, నూనె వేశాడు, మీటలు సరిచేసి వచ్చాడు. మళ్ళీ అదే వరస. ఆ టైమర్‌ను తీసేసి మా స్టోరులోది ఇంకొకటి పెట్టాడు. అదీ అంతే.

రెండు గడియారాలు ఒకే ఇంట్లో ఒకేలా చెడిపోతే గడియారాలను వదిలేసి ఇంటిని చూడాలి. నాకు అలా తట్టింది. నాయుడుగారికి మరోలా తట్టింది. మా ఆఫీసుకొచ్చి కౌంటరు మీద చెయ్యి వేశారు.

"ఆ సీనోడు గడియారం లోపలిది ఊడదీసి అడివోళ్ళకి పంపేసినాడు లా. నాకేటో తుక్కు పెట్టేసినాడు." మాట చివర "లా" తగిలించడం మలయాలో అందరికీ అలవాటే.

"మీరు చూశారా నాయుడుగారూ?"

"సూడాలేటి? టైము తప్పుతున్నాది కదా."

"టైము తప్పితే దొంగతనమేనా?"

"సదువుకున్నదానివి, నీకన్నీ తమాసాలే. బాంబులకి గడియారాలు కావాలని ఊరందరికీ తెల్సు."

నిజంగానే ఊరందరికీ తెలుసు. ఆ మాట అంతకుముందు ఎవరి గురించి ఎవరు అన్నా, కౌంటరు దగ్గర నిలబడ్డవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని వెళ్ళిపోయేవారు. ఆ రోజూ అలాగే వెళ్ళిపోయారు.

దొర ఫోను

మా సూపరింటెండెంటు ఇంగ్లీషువాడు. మంచివాడని అందరూ అనేవారు. ఎవరి జోలికీ పోనివాడికి ఆ పేరు తేలిగ్గా వస్తుంది. ఆయన కూడా స్వదేశం వెళ్ళే తొందరలో ఉన్నాడు, బల్ల మీది సామాను సగం పెట్టెల్లోకి వెళ్ళిపోయింది. నాయుడుగారి మాట విని, తన మీదికి రాకుండా పోలీసులకు ఒక ఫోను చేశాడు. మర్నాడు అహ్ సెంగ్‌ను పనిలోంచి తీసుకెళ్ళారు.

ఆ కాలంలో పోలీసులు తీసుకెళ్ళారంటే కోర్టు దాకా వస్తుందనే నమ్మకం లేదు. విచారణ లేకుండా ఎన్నాళ్ళైనా ఉంచవచ్చు. చైనా నుంచి వచ్చినవాడైతే ఓడ ఎక్కించి పంపేయవచ్చు. అహ్ సెంగ్ చిన్నతనంలో ఓడ మీద వచ్చినవాడే. ఆయన భార్య టిఫిన్ క్యారియర్ పట్టుకుని స్టేషన్‌కు వెళితే వాళ్ళు తీసుకోలేదట. ఆ క్యారియర్‌తో వచ్చి మా ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. ఏడవలేదు. లోపలికి వెళ్ళే ప్రతి ఒక్కరినీ చూస్తూ కూర్చుంది.

నేను దొర గదిలోకి వెళ్ళాను.

"తప్పు చేయకపోతే వదిలేస్తారు" అన్నాడు.

"ఎప్పుడు?"

ఆయన ఒక పుస్తకాన్ని కాగితంలో చుట్టసాగాడు. "గడియారమే చెడ్డదని చెప్పేద్దాం. ఆ షావుకారు తౌకే శాంతిస్తాడు."

"గడియారం చెడ్డదంటే, ఆ చెడ్డది పెట్టిందెవరని అడుగుతారు. ఉచ్చు ఇంకా బిగుస్తుంది."

"నువ్వు ప్రతిదానికీ వాదిస్తావు."

"మీరు దేనికీ వాదించరు. అందుకని రెండు వాటాలూ నేనే మోస్తున్నాను."

"అయితే నువ్వే వెళ్ళి చూసుకో" అన్నాడు. నన్ను వదిలించుకోవడానికి అన్న మాట అది. నేను దాన్ని పై అధికారి ఉత్తర్వు కింద తీసుకున్నాను.

కొత్త టైమర్

ఈపో పట్నంలోని కంపెనీ స్టోరు నుంచి సీలు విప్పని టైమర్ తెప్పించాను. అహ్ సెంగ్ చెయ్యి దాని మీద పడలేదు, ఆ ఊరివాళ్ళకు ఆయన పేరు కూడా తెలియదు. అది తీసుకుని బస్సెక్కాను. చెక్‌పోస్టులో పోలీసు దాన్ని విప్పించి, చెవి దగ్గర పెట్టుకుని విని, కంపెనీ కార్డు చూసి, మళ్ళీ నా చేతే కట్టించాడు.

నాయుడుగారిని ఎదురుగా నిలబెట్టి గోడ మీది టైమర్ ఊడదీశాను. వెనక మూత తీసి, బల్ల మీద గుడ్డ పరిచి చూపించాను. చక్రాలన్నీ ఉన్నాయి. స్ప్రింగు ఉంది. ఇత్తడి మెరుస్తోంది.

"ఏం పోయిందో చూపించండి."

"మునుపు ఏటుండీదో నాకేటి తెల్సు?" అన్నారాయన.

యంత్రాన్ని అనుమానించాలంటే విప్పాలి, చేతికి నూనె అంటుతుంది. మనిషిని అనుమానించడానికి నోరుంటే చాలు. అందుకే చాలామంది రెండోదే ఎంచుకుంటారు.

కొత్తదాన్ని బిగించాను. రేడియోలో చెప్పిన టైముకు డయల్ సరిపెట్టి, ఆయన చెప్పిన వేళలకు మీటలు పెట్టి, ఒకసారి హీటర్ వెలిగించి తొట్టి వెచ్చబడిందని ఆయన చేతితోనే ముట్టించాను. "సూద్దాం" అని ఆయన గోదాముకు వెళ్ళిపోయారు.

పని అయిపోయాక వెళ్ళిపోవడం మగ వైర్‌మన్ల పద్ధతి. పాపం, వాళ్ళ తప్పు కాదు. బాలింత ఉన్న ఇంట్లో పరాయి మగవాణ్ణి ఎవరూ కూర్చోమనరు. నన్ను కూర్చోమన్నారు. కాఫీ ఇచ్చారు. తాగాక కూడా నేను లేవలేదు.

వంటింట్లో పీట

కూర్చోమన్నది నాయుడుగారి తల్లి సింహాచలమ్మ. బాలింత కారానికి వెల్లుల్లి ఒలుస్తూ నన్ను ఆరా తీయడం మొదలుపెట్టింది.

"పెళ్ళైనాదేటి?"

"లేదు మామ్మా."

"తీగలు పట్టుకుని తిరిగితే ఎవలు సేసుకుంటారు. మీ యమ్మ అరవపిల్ల కదూ?"

"అవును."

"అదీ సంగతి. నీ తెలుగు పుస్తకం సదివినట్టున్నాది."

పొద్దు వాలుతోంది. మాట మధ్యలో ఆవిడ లేచింది. పీట లాక్కుని గోడ దగ్గర వేసుకుని, ఎక్కి, టైమర్ తలుపు తీసి, ఇప్పుడే నేను పెట్టిన మీటను వేలితో ముందుకు తోసింది. తలుపు మూసి దిగింది. మళ్ళీ వెల్లుల్లి దగ్గర కూర్చుంది.

"మామ్మా, ఏం చేశారు?"

"పుల్ల జరిపినాను."

"ఎందుకు?"

"సందేళ వర్జ్యం వచ్చినాది. బాలింత నీళ్ళకి వర్జ్యంలో పొయ్యి ముట్టిస్తారేటి? మీ అరవోళ్ళు ముట్టిస్తారేమో నాకు తెల్దు."

"ఇది పొయ్యి కాదు కదా మామ్మా."

"నీళ్ళు కాగుతున్నాయా లేదా?"

"కాగుతున్నాయి."

"అయితే పొయ్యే."

మా ఇంట్లో అమ్మ చూసేది రాహుకాలం. ఈ వారం మంగళవారం ఏ వేళకో వచ్చే వారం మంగళవారమూ అదే వేళకు వస్తుంది. అలాంటిదైతే ఫిర్యాదులు వారాల లెక్కన కుదిరేవి, ఎవరికైనా తట్టేది. వర్జ్యానికి అలా కుదురు లేదు. ఒకనాడు పొద్దున్న, ఒకనాడు సాయంత్రం, ఒకనాడు అర్ధరాత్రి. అచ్చం చెడిపోయిన గడియారంలా.

"రోజూ జరుపుతారా?"

"అడ్డమొచ్చిన రోజు జరుపుతాను. కూరలకెళ్ళినప్పుడు గుడికాడ అయ్యోరు సెప్తారు."

"మరి మీ అబ్బాయికి చెప్పలేదేం?"

"ఆడడిగినాడేటి? గడియారం ఎవలు సెడగొట్టినారని అడిగినాడు. నాను సెడగొట్టలేదు."

"గడియారం పెట్టిన మనిషి మాటా-మాటా వాళ్ళ, అదే పోలీసుల, దగ్గరున్నాడు మామ్మా. స్టేషన్‌లో. లోపలి చక్రాలు దొంగిలించాడని."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఎవలన్నారు?"

"మీ అబ్బాయే."

వెల్లుల్లి పళ్ళెం పక్కకు నెట్టింది. గుమ్మం దగ్గర పీట వేసుకుని కొడుకు కోసం కూర్చుంది.

నాయుడుగారు వచ్చారు. తల్లి చెప్పింది విన్నారు. గోడ మీది టైమర్‌ను, పీటను, నన్ను వరసగా చూశారు.

"సరే లా. నాను ఇంకేటీ అనను. ఒగ్గీ సుశీలమ్మా."

"మీరు ఊరుకుంటే ఆయన బయటికి రాడు నాయుడుగారూ. అన్నది వెనక్కి తీసుకోవాలి. అమ్మగారు వచ్చి చెప్పాలి."

"మా యమ్మని టేసన్ మెట్లు ఎక్కిస్తావా? రేపు బజార్లో నా మొగం ఏటవుతాది?"

"ఆయన పెళ్ళాం ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. ఆమెది మొహం కాదా?"

"కారు తియ్యరా" అంది సింహాచలమ్మ. అని, అంతలోనే తల అడ్డంగా తిప్పింది. "వర్జ్యం. అయినాక ఎల్దాం."

వర్జ్యం అయ్యేసరికి కర్ఫ్యూ పడుతుంది. రోడ్డు మీద కారు కదలనివ్వరు. తెల్లారేసరికి నాయుడుగారు మనసు మార్చుకుంటారని నాకు గట్టి అనుమానం. ఆయన మొహంలో ఆ ఆశ అప్పుడే కనిపిస్తోంది.

"మామ్మా, అయ్యోరి పంచాంగం ఎక్కడిది?"

"మన దేశాందే. ఓడ మీద వస్తాది."

"ఇండియా గడియారం మనకంటే రెండు గంటలు వెనక. వాళ్ళ గడియారంలో ఈ టైము అయ్యేది మనకు ఇంకో రెండు గంటలకు. మీరనే వర్జ్యం ఇక్కడ ఇంకా మొదలే కాలేదు."

ఆవిడ వేళ్ళ మీద లెక్కేసుకుంది. "మరి ఇన్నాళ్ళూ నాను తప్పు యేళకి జరిపినానేటి?"

"అదే కదా."

అయ్యోరు ఆ రెండు గంటలు కలిపి చెబుతున్నారో కలపకుండా చెబుతున్నారో నాకు తెలియదు. తెలియదన్న సంగతి ఆవిడకు చెప్పలేదు.

"ఎల్దాం పదండి" అంది.

స్టేషన్‌లో

కారులో వెనక సీట్లో, ఊడదీసిన పాత టైమర్‌ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. నాయుడుగారు తెలుక్ ఆన్సన్ దాకా కారు నడిపారు.

ఇన్‌స్పెక్టర్ మలాయ్ అతను. మాట తక్కువ మనిషి. నేను చెప్పడం మొదలుపెడితే ఆపి, "ఆమెను చెప్పనీ" అన్నాడు. సింహాచలమ్మ టైమర్‌ను బల్ల మీద పెట్టి, మీటను వేలితో జరిపి, తనకొచ్చిన బజారు మలాయ్‌లో చెప్పింది. "సాయ పుసింగ్." నేను తిప్పినాను అని. మళ్ళీ తన గుండె మీద చెయ్యి వేసుకుని అదే మాట అంది.

ఆయన నమ్మలేదు. మీటను మళ్ళీ వెనక్కి పెట్టి, మళ్ళీ జరపమన్నాడు. జరిపింది. ఎందుకు జరిపావని అడిగాడు. పసిబిడ్డ స్నానానికి మంచి వేళ, చెడ్డ వేళ ఉంటాయని నేను మలాయ్‌లో చెప్పాను. దానికి ఆయన ఏమీ ఆశ్చర్యపోలేదు. ఆయన ఇంట్లోనూ ఒక ముసలావిడ ఉండే ఉంటుంది. నాయుడుగారి వైపు తిరిగాడు.

"దొంగతనమన్నది నువ్వు. ఇప్పుడేమంటావు?"

నాయుడుగారు పైన తిరిగే ఫ్యాను వైపు చూశారు.

"సెప్పరా" అంది తల్లి.

"పొరపాటు" అన్నారాయన. ఎవరిది అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. "నాది" అన్నారు.

అహ్ సెంగ్‌ను తీసుకొచ్చారు. గడ్డం పెరిగింది, చొక్కా అదే. మా అందరి మొహాలూ చూశాడు, నా మొహాన్ని కూడా అదే చూపు చూశాడు. ఎవరికీ నమస్కారం పెట్టలేదు. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి, టైమర్ వెనక మూత తీసి, లోపల అన్నీ ఉన్నాయో లేదో చూసుకున్నాడు. అప్పుడు మూత వేశాడు.

"రేపొచ్చి గోడ మీద ఉన్నదాన్ని కిందకి దించి బిగించమను. నాకు పీట లేకుండా అందాల" అంది సింహాచలమ్మ. నేను మలాయ్‌లో చెప్పాను.

"తౌకే పిలిస్తే వస్తాను" అన్నాడు అహ్ సెంగ్.

నాయుడుగారు గొంతు సవరించుకున్నారు. "దాతాంగ్ లా." రమ్మని.

"విప్పింది మొదలు మూసేదాకా తౌకే నా పక్కనే నిలబడాలి. అలాగైతే వస్తాను."

మర్నాడు గోదాము మూసి నాయుడుగారు నిలబడ్డారు. అహ్ సెంగ్ కొలబద్ద తీయలేదు. సింహాచలమ్మను గోడ పక్కన నిలబెట్టి, ఆవిడ భుజం ఎత్తున పెన్సిల్‌తో గీత గీశాడు. ఊడదీసిన మరమేకులన్నీ నాయుడుగారి అరచేతిలో పోశాడు. ఒక్కొక్కటే అడిగి తీసుకుని బిగించాడు. ఎండ నెత్తిమీదికొచ్చింది.

"అయినాదా లా?" అన్నారు నాయుడుగారు.

"చేతిలో చూడండి తౌకే."

ఇంకొక మరమేకు ఉంది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో తీసి అందించారు.